మామిడి చెట్టు కింద మోండో గ్రాస్
కోనసీమలో ఏ పెరడు చూసినా కొబ్బరో మామిడో పనసో ఉంటుంది, దాని కింద నేల మాత్రం బోసి, వానాకాలం బురద, ఎండాకాలం బీటలు. లాన్ గడ్డి తెచ్చి పరుస్తారు, కొన్నాళ్ళు పచ్చగా ఉండి పలచబడిపోద్ది, ఎందుకంటే గరిక జాతికి ఎండ కావాలి, నీడలో ఎంత ఎరువేసినా నిలవదు. అలాంటి చోటికి నన్నడిగితే మోండో గ్రాస్ వెయ్యమంటానండి.

కడియం, కడియపులంక నర్సరీల్లో ఈ పేరు చెప్తే చూపిస్తారు. పేరుకే గ్రాస్, అసలుకి శతావరి కుటుంబం మొక్క, పీకి చూస్తే వేళ్ళకి చిన్న చిన్న దుంపలు కూడా ఉంటాయి. పుట్టిల్లు జపాన్, చైనా, కొరియా వైపు. ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటుంది, లాన్‌లాగా కోస్తూ ఉండే పని లేదు.

కానీ మన డెల్టాలో దీన్ని చంపేది నిలవ నీళ్ళే. మనది నల్ల బంకమట్టి, పైగా కాలవ పారినన్నాళ్ళూ నేల లోపల తడి ఆరదు, అందులో నాటితే వేరు కుళ్ళి మొదలు పసుపెక్కి పోతుంది. అందుకని మడిని ఒక అరడుగు ఎత్తు చేసి గోదావరి ఇసక, మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు కలపండి. పొట్టు మాత్రం కొత్తది వద్దు, ఉప్పుంటుంది, వానలకి బాగా తడిసిన పాత పొట్టయితే మంచిది. చెట్టు వేళ్ళు తెగకుండా పైపైనే పని కానివ్వాలి, అది మర్చిపోవద్దు.

అందరూ తొలకరికే నాటేస్తారు గానీ నా మటుకు కార్తీకమే మేలు, పెద్ద వానలు తగ్గుతాయి, ఎండలు ముదిరేలోగా వేరు పట్టేస్తుంది. ఒక నిండు కవరు కొని విడదీస్తే చాలా పిలకలొస్తాయి, రెండు మూడు పిలకలు వేళ్ళతో సహా ఒక కుదురుగా ఆరంగుళాల దూరంలో పెట్టుకుంటూ పోవడమే, పొట్టి రకమైతే ఇంకా దగ్గరగా. ఆకులు మొదలయ్యే చోటు మట్టిలో కూరుకుపోకూడదు.

అన్నిటికంటే విసిగించేది తుంగ. లేతగా ఉన్నప్పుడు మోండోలో కలిసిపోయి కనపడదు, పైన తుంచితే మళ్ళీ వస్తుంది, గడ్డతో సహా తవ్వి తీయాల్సిందే, నాటకముందే ఓసారి నేలంతా వెతికి ఏరేస్తే సగం బాధ తప్పుతుంది. మోండో ఒత్తుగా కమ్ముకున్నాక ఆ నీడకి తుంగ కూడా నీరసపడుతుంది, కాకపోతే అక్కడిదాకా రావడానికి రెండేళ్ళు పైనే పట్టొచ్చు, ఓపిక పట్టండి.

వేసవిలో కాలవలు కట్టేసాక బోరు నీళ్ళే గతి కదా, సముద్రం వైపు ఊళ్ళల్లో అవి ఉప్పగా ఉంటాయి, ఆకు కొసలు మాడితే ముందు నీళ్ళనే అనుమానించండి. మధ్యాహ్నం ఎండ సూటిగా పడే చోటా ఇంతే. రోజూ నడిచే దారైతే మధ్యలో పలకలు వేసుకోండి, తొక్కుడుకి తట్టుకోదు.

వెడీలియా అని నేల మీద పాకే తీగ మొక్క ఒకటుంది, అదయితే తొందరగా కప్పేస్తుంది కదా అంటారు, నిజమే, పసుపు పూలు కూడా పూస్తుంది. కానీ చిన్న ముక్క పడినా వేరు పట్టే మొక్క అది, బయటినుంచి వచ్చి అక్కడి మొక్కల్ని తొక్కేస్తూ పాకిపోయే జాతుల్లో ప్రపంచంలో బాగా చేటు చేసే 100 జాతుల జాబితాలో ఉంది. కాలవ గట్టు పక్కన ఇల్లున్నవాళ్ళు మాత్రం దయచేసి వెయ్యకండి.