ఎండలో చదువుకునే ట్యాబ్

మామూలు ట్యాబ్‌ని మిట్టమధ్యాహ్నం డాబా మీదికి తీసుకెళ్తే ఏం కనిపిస్తుంది, మన మొహమే కదా, బ్రైట్‌నెస్ ఫుల్ పెట్టినా అంతే. రిఫ్లెక్టివ్ డిస్‌ప్లేలో ఆ గొడవ లేదు, బయటి వెలుతురే స్క్రీన్ మీద పడి కాగితం మీద పడ్డట్టు వెనక్కొస్తుంది, ఎండ ముదిరేకొద్దీ అక్షరం ఇంకా క్లియర్.

ఈ-బుక్స్ చదివే కిండిల్‌లోని ఈ-ఇంక్ స్క్రీన్ కూడా ఈ బాపతే, కాకపోతే అందులో నలుపు తెలుపు రేణువులు నిజంగానే పైకీ కిందకీ కదలాలి, అందుకే పేజీ తిప్పితే ఒక్కోసారి స్క్రీనంతా ఓ క్షణం నల్లబడుతుంది, పాత అక్షరాల మరకలు మిగులుతాయి, స్క్రోల్ చేయాలంటే చిరాకే.

2024లో వచ్చిన డేలైట్ డీసీ-1 అనే ట్యాబ్ వేరే రూట్ పట్టింది. దాని స్క్రీన్ మామూలు టీవీల్లో ఉండే ఎల్‌సీడీయే, కానీ రిఫ్లెక్టివ్ రకం, 60 హెర్ట్జ్, అంటే సెకనుకి 60 సార్లు బొమ్మ మారుతుంది, కాబట్టి వీడియో కూడా బాగానే ఆడుతుంది. రంగుల్లేవు, రాత్రికి నారింజ రంగు లైటుంది. వచ్చినప్పుడు రేటేమో 729 డాలర్లు, అమ్మో!

అసలిదేం కొత్త ఐడియా కాదులెండి, 2007 నాటి పిల్లల ల్యాప్‌టాప్ ఎక్స్‌ఓ-1 కూడా ఎండలో బ్లాక్ అండ్ వైట్‌లో చదువుకునేలా ఉండేది. నాకైతే పీడీఎఫ్‌లు చదవడానికే కావాలి, రంగులు లేకపోయినా పర్లేదు, రేటు సగానికి దిగితే మాత్రం ఆగను.