సెమిలిగుడ జిప్సీ: కమాన్ పట్టీల పని, మూడు నెలల లెక్క

మా మారుతి జిప్సీ 2006 మోడల్ బండి. నేను కొనక ముందు ఒడిశాలోని పొట్టంగి వైపు కాంట్రాక్టు పనులకు దీనిలో సిమెంటు బస్తాలు తోలేవారు. ఆ బరువుకు వెనుక భాగం కూలబడకుండా పాత యజమాని వెనుక కమాన్లకు (ఇరుసును మోసే, వంపు ఉక్కు పట్టీల స్ప్రింగు కట్టలకు) రెండు వైపులా ఒక్కో పట్టీ అదనంగా వేయించాడు. దాదాపు వెయ్యి కిలోలు తూగే బండికి అంత కమాన్ ఉంటే ఏమవుతుందో, సెమిలిగుడ నుంచి దేవమాలి కొండ కింది పల్లెలకు ఒక్కసారి వెళ్లి వస్తే నడుము చెబుతుంది.

నడుము నొప్పిని భరించవచ్చు, కానీ బండి ఆగిపోవడాన్ని భరించలేము. వానల తర్వాత ఎర్రమట్టి దారుల్లో ట్రాక్టర్లు తొక్కిన గాళ్లు మోకాటి లోతున గట్టిపడి ఉంటాయి. వాటిని ఏటవాలుగా దాటేటప్పుడు ముందు కుడి చక్రం, వెనుక ఎడమ చక్రం ఒకేసారి గాలిలోకి లేచేవి. జిప్సీకి రెండు ఇరుసుల్లోనూ మామూలు డిఫరెన్షియలే (ఇంజను శక్తిని రెండు పక్కల చక్రాలకు పంచే గేర్ల పెట్టె) ఉంటుంది కాబట్టి, లేచిన చక్రం ఖాళీగా తిరుగుతున్నంతసేపు నేల మీద ఉన్న దాని జత చక్రానికి కూడా పట్టు అందదు. నాలుగు చక్రాలకూ శక్తి అందే బండి అయి ఉండి కూడా, ఎదురెదురు మూలల్లో రెండు చక్రాలు లేస్తే అది ఉన్న చోటనే నిలబడిపోతుంది. అందువల్ల నాకు కావలసింది చక్రం నేలను వదలకుండా కిందికి దిగగలిగే కమాన్ అని తేల్చుకున్నాను.

మిత్రులు మాత్రం ఇరుసును కమాన్ కిందికి మార్చించమని ఒత్తిడి చేశారు. జిప్సీలో నాలుగు మూలలా కమాన్ కట్ట ఇరుసుకు కింద ఉంటుంది. దాన్ని ఇరుసు మీదికి ఎక్కిస్తే బండి ఒక్క దెబ్బకు సుమారు అయిదు అంగుళాలు లేస్తుంది, ఫొటోల్లో చూడటానికి బాగుంటుంది. అయితే స్టీరింగ్ రాడ్డు కోణం చెడిపోయి గుంత పడినప్పుడల్లా చక్రం తనంతట తాను తిరగజూస్తుంది. ఇరుసుకు శక్తి తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు కీళ్లు (క్రాస్‌లు) ఎక్కువ కోణంలో పనిచేయవలసి వస్తుంది, బ్రేకు వేసినప్పుడు ఇరుసు మెలిపడుతుంది. అన్నిటికీ మించి 1540 మిల్లీమీటర్ల వెడల్పున్న బండిని అంత పైకి ఎత్తి, ఒక పక్క కొండ, ఒక పక్క లోయ ఉన్న దారిలో అడ్డంగా నడపడం నాకు సమ్మతం కాలేదు. పైగా కమాన్లతో ఎంత ఎత్తినా ఇరుసు మధ్యన ఉబ్బెత్తుగా ఉండే డిఫరెన్షియల్ గుండుకూ నేలకూ ఉన్న దూరం వెంట్రుకవాసి కూడా పెరగదు, దాన్ని పెంచగలిగేది టైరు ఒక్కటే. ఈ మాట చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు వాదనకు దిగుతారు, నేను టేపు తీసి చేతికిస్తాను.

పని మొదలుపెట్టక ముందు కొలతలు రాసుకున్నాను. హబ్బు మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా ముందు ఎడమ 398 మిల్లీమీటర్లు, ముందు కుడి 391, వెనుక ఎడమ 421, వెనుక కుడి 409 వచ్చాయి. డ్రైవరు వైపు కట్టలు అలసిపోయాయని దీన్ని బట్టే అర్థమైంది. తర్వాత ఇంటి వెనుక సాల్ చెక్క దిమ్మెలతో 20 డిగ్రీల వాలు కట్టి, ముందు ఎడమ చక్రాన్ని దాని మీదికి మెల్లగా ఎక్కించాను. అదే వైపు వెనుక చక్రం కింద పెట్టిన కాగితం లాగితే వచ్చేసేంత వరకు, అంటే ఆ చక్రం నేలను వదిలేంత వరకు ఎక్కించి, వాలు వెంబడి చక్రం వెళ్లిన దూరాన్ని కొలవాలి. ఆ దూరాన్ని వీల్‌బేస్‌తో (ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరంతో) భాగించి వెయ్యితో గుణిస్తే వచ్చే అంకెతో ఏ బండినైనా పోల్చుకోవచ్చు. జిప్సీ వీల్‌బేస్ 2375 మిల్లీమీటర్లు, మా బండి ఎక్కినది 820, కాబట్టి మొదటి అంకె 345. ఇది చాలా తక్కువ.

కమాన్లు విప్పడానికి ఒక ఆదివారం పూర్తిగా పట్టింది. కమాన్ కట్టను ఇరుసుకు బిగించే యు బోల్టుల మర మీద ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచాను. జాకీని ఇరుసు కింద పెట్టి బండిని ఎత్తి, స్టాండ్లను మాత్రం ఛాసిస్ కింద పెట్టాను, అప్పుడే ఇరుసు స్వేచ్ఛగా కిందికి దిగుతుంది. అలా దిగేటప్పుడు దాని బరువు బ్రేకు గొట్టం మీద పడకుండా జాకీని ఇరుసు కిందనే ఆనించి ఉంచాలి. యు బోల్టులు ఎనిమిదింటిలో మూడు తెగాయి, అయిదు వచ్చాయి. వచ్చిన వాటిని కూడా పారేశాను. ఒకసారి సాగిన యు బోల్టును మళ్లీ బిగించి దాన్ని నమ్ముకొని ఘాటీ దిగడం తెలివైన పని కాదు.

కట్ట విప్పేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. సెంటర్ బోల్టు తీసే ముందు పట్టీలన్నిటినీ రెండు పక్కలా సి క్లాంపులతో గట్టిగా పట్టి ఉంచి, బోల్టు వచ్చాక క్లాంపులను కొద్దికొద్దిగా వదలాలి. లేకపోతే వంపులు తేడాగా ఉన్న పట్టీలు ఒక్కసారిగా విడిపోయి చేతి వేళ్లను దెబ్బతీస్తాయి. విప్పి చూస్తే, పట్టీల మధ్య తుప్పు పొరలు పొరలుగా పేరుకొని అన్నీ ఒకే దిమ్మలాగా అంటుకుపోయి ఉన్నాయి. కమాన్ కట్ట పనిచేసేది ఒక పట్టీ మీద మరొకటి జారడం వల్లనే, ఆ జారుడు లేకపోతే ఎన్ని పట్టీలున్నా అది ఒకే మందపాటి ఇనుప ముక్క.

ఆ మరుసటి వారం కట్టలను వేరే బండిలో వేసుకొని సుంకి ఘాటీ దిగి సాలూరు వెళ్లాను. సాలూరు లారీల ఊరు, అక్కడ కమాన్ కొట్టడం తెలిసిన చేతులు దొరుకుతాయి. మేస్త్రి వెనుక కట్టను తిప్పి తిప్పి చూసి, "బాబూ, ఇది కమాన్ కాదు, దూలం" అన్నాడు. అదనపు పట్టీ తీసేయమని నేను చెప్పక ముందే ఆయనే తీసి పక్కన పెట్టాడు. మిగిలిన వాటికి వంపు కొట్టించేటప్పుడు మాత్రం కొలిమిలో పెట్టవద్దని అడిగాను. కమాన్ ఉక్కును ఎర్రగా కాల్చితే దాని పదును పోతుంది, మళ్లీ సరైన వేడికి తెచ్చి నూనెలో ముంచి, ఆ తర్వాత తక్కువ వేడిలో పదును సరిచేయకపోతే కొద్ది నెలల్లోనే అది కూలబడుతుంది. దాగలి మీద పెట్టి చల్లగానే, అంగుళం అంగుళం జరుపుతూ సుత్తితో కొట్టి వంపు తేవడం ఎక్కువ సమయం తీసుకునే పద్ధతి. ఆయన దానికి ఒప్పుకున్నాడు, కానీ మధ్యాహ్నం భోజనం తర్వాత మొదలుపెట్టి దీపాలు పెట్టే వేళకు గాని నాలుగు కట్టలు ముగించలేదు. ప్రతి మెయిన్ పట్టీనీ తన జత పట్టీ పక్కన నిలబెట్టి వంపు సరిచూసిన తీరు చూసి, ఆలస్యం గురించి నేను మాట్లాడలేదు.

ఇంటికి తెచ్చాక వైరు బ్రష్షుతో తుప్పు గీకి, ప్రతి పట్టీ కొసల పదునైన అంచులను గ్రైండర్‌తో గుండ్రంగా చేశాను. ఆ అంచే పై పట్టీలోకి దిగి గాడి పెడుతుంది, పట్టీ విరిగేది తరచూ ఆ గాడి దగ్గరనే. పట్టీల మధ్య గ్రీజు పూయాలా వద్దా అని చాలా ఆలోచించాను. లారీల వాళ్లు గ్రాఫైట్ గ్రీజు పూస్తారు, కానీ మా దారుల్లో లేచే ఎర్ర దుమ్ము గ్రీజులో కలిస్తే ఆకురాయిలా పనిచేస్తుంది. చివరికి వంటింట్లో కూరగాయలు తరిగే తెల్లటి ప్లాస్టిక్ పలకను మూడు మిల్లీమీటర్ల మందం ఉన్నది ఎంచుకొని, ప్రతి పట్టీ కొస కిందికి వచ్చేలా చిన్న బిళ్లలుగా కోసి, బిళ్ల వెనుక బుడిపె దిగేందుకు పట్టీకి రంధ్రం వేసి అమర్చాను. అది పాలిఎథిలీన్, ఉక్కు మీద సాఫీగా జారుతుంది, నీటిని పీల్చదు. యు బోల్టులు పట్టే మధ్య భాగంలో మాత్రం ఇది పెట్టకూడదు, ఒత్తిడికి ప్లాస్టిక్ నెమ్మదిగా చదునై బోల్టులు వదులవుతాయి. పలక కొత్తదే కొన్నానని మా ఇంట్లో ఇప్పటికీ నమ్మడం లేదు.

నా పొరపాటు ముందు వైపు జరిగింది. వెనుక కమాన్లు బాగా కుదిరిన ఉత్సాహంలో, ముందు భాగాన్ని కొంచెం ఎత్తుదామని 40 మిల్లీమీటర్ల పొడుగు ఎక్కువగా ఉన్న షాకిల్ పట్టీలు (కమాన్ కొసను ఛాసిస్‌కు కలిపే ఊగే లంకెలు) స్థానికంగా కోయించి వేశాను. షాకిల్ ఎంత పెంచితే ఇరుసు దగ్గర అందులో సగమే ఎత్తు వస్తుంది, కాబట్టి లాభం 20 మిల్లీమీటర్లు. జిప్సీ ముందు కమాన్‌కు షాకిల్ ముందు కొసన ఉంటుంది. దాన్ని పొడిగిస్తే కమాన్ ముందు కొస కిందికి దిగి, దానితో పాటు ఇరుసు ముందుకు తలవాల్చి, కాస్టర్ కోణం (చక్రం పక్కకు తిరిగే కీలు రేఖ వెనక్కి వాలి ఉండే కోణం, స్టీరింగ్‌ను నేరుగా తెచ్చేది ఇదే) తగ్గిపోతుంది. నా కొలతలో అది దాదాపు రెండున్నర డిగ్రీలు తగ్గింది. 26వ నంబరు జాతీయ రహదారి మీద కొరాపుట్ వైపు వెళ్తుంటే అరవై దాటిన వెంటనే స్టీరింగ్ తేలిపోయింది, మలుపు తిరిగాక దానంతట అది నేరుగా వచ్చేది కాదు. ఎదురుగా బాక్సైట్ లారీ వస్తున్నప్పుడు ఆ అనుభవం ఎవరికీ వద్దు. ఇరుసు కింద చీలిక దిమ్మెలు పెట్టి కోణం సరిచేయవచ్చు, కానీ ఒక తప్పును మరో భాగంతో కప్పిపుచ్చడం ఇష్టంలేక ఆ షాకిళ్లను తీసి పాతవే వేశాను. 1,800 రూపాయలు పోయాయి.

కమాన్ వదులయ్యాక తర్వాతి అడ్డం షాక్ అబ్జార్బర్ల రూపంలో బయటపడింది. వెనుక ఇరుసును పూర్తిగా వేలాడదీసి చూస్తే, పై బోల్టు నుంచి కింది బోల్టుకు 455 మిల్లీమీటర్లు ఉండాలి, పాత షాక్ 425 దగ్గరే ఆగిపోతోంది. అంటే కమాన్ ఇంకా దిగగలిగినా షాకే పట్టి ఆపుతోంది, అలా ఆపుతూ పోతే ఒక రోజు దాని మేకు తెగుతుంది. బంపు రబ్బరు ఛాసిస్‌ను తాకే స్థితిలో అదే దూరం 305 వచ్చింది. అందువల్ల ముడుచుకున్నప్పుడు 295కి మించకుండా, సాగినప్పుడు 470 ఉండేవి వెతికి విశాఖపట్నం నుంచి తెప్పించాను. షాక్ కొనేవారు బ్రాండు పేరు కన్నా ముందు ఈ రెండు అంకెలు కొలుచుకోవాలి.

షాక్ పొడుగు పెరిగిన రోజే బ్రేకు గొట్టం బిగుసుకోవడం కనిపించింది. ఛాసిస్ నుంచి వెనుక ఇరుసుకు వెళ్లే రబ్బరు గొట్టం ఇరుసు దిగినప్పుడు తీగలా సాగుతోంది. కొంచెం పొడవైన గొట్టం వేసి, బ్రేకు నూనెలోని గాలి తీసి, ఇరుసును ఒక పక్క పూర్తిగా దింపి, మరో పక్క పూర్తిగా ఎత్తి, గొట్టం దేనికీ రాసుకోవడం లేదని నిర్ధారించుకున్న తర్వాతే చక్రాలు ఎక్కించాను. కమాన్ పని చేయించుకునేవారు చాలామంది ఈ మెట్టును మరచిపోతారు, దాని ఫలితం దిగుడులో తెలుస్తుంది.

బిగింపులో రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. కమాన్ కళ్లలోని రబ్బరు బుష్‌ల బోల్టులను బండి గాలిలో ఉండగా చేత్తో తిరిగేంత వరకే బిగించి, చక్రాలు నేలమీద పడి బండి తన బరువు మీద కూర్చున్నాక పూర్తిగా బిగించాలి. లేకపోతే బుష్ ఎల్లప్పుడూ మెలికలోనే ఉండి కమాన్‌ను గట్టిగా చూపిస్తుంది, తొందరగా చీలుతుంది. యు బోల్టు నట్లను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా, నేను 70 న్యూటన్ మీటర్ల దాకా తెచ్చాను. వంద కిలోమీటర్ల తర్వాత మళ్లీ చూస్తే నాలుగు నట్లు పావు చుట్టు తిరిగాయి.

అయినా మొదటి ప్రయాణంలో బండి పీతలా పక్కకు నడుస్తున్నట్టు అనిపించింది. రెండు వైపులా హబ్బు నుంచి హబ్బుకు కొలిస్తే కుడి వైపు ఆరు మిల్లీమీటర్లు తక్కువ వచ్చింది. వెనుక కుడి కట్టలో సెంటర్ బోల్టు తల ఇరుసు దిమ్మె రంధ్రంలో సరిగా కూర్చోకుండా అంచు మీద నిలబడిపోయింది. మళ్లీ విప్పి కూర్చోబెట్టాను, అరగంట పని. ఈ కొలత మొదటే తీసి ఉంటే ఆ అరగంట కూడా మిగిలేది.

ఇప్పటి లెక్క ఇది. వెనుక ఎడమ 415, కుడి 413, ముందు 402, 400. అంటే బండి ఎత్తు పెద్దగా మారలేదు, పక్కకు ఒరగడం పోయింది. అదే వాలు మీద ఇప్పుడు 1140 మిల్లీమీటర్లు ఎక్కింది, అంకె 480. దేవమాలి కింది దారిలో మునుపు ఆగిపోయిన గాళ్లనే, టైర్లలో గాలి 18 పిఎస్ఐకి తగ్గించి, లో గేరులో పెట్టి, ఎక్కడా చక్రం తిరుగుడు పడకుండా దాటాను. గాలి తగ్గించడం వల్ల ఎంత, కమాన్ వల్ల ఎంత అని విడదీయడానికి అదే రోజు 26 గాలితో మరోసారి దాటి చూశాను. ఒక్కచోట మాత్రం వెనుక చక్రం ఒక చుట్టు జారింది.

టైర్లు 205/70 ఆర్ 15 నుంచి 215/75 ఆర్ 15కి మార్చాలని ఉంది. లెక్క ప్రకారం వ్యాసం 668 నుంచి 703కు పెరిగి గుండు కింద 17, 18 మిల్లీమీటర్లు అదనంగా వస్తాయి, స్పీడు మీటరు అయిదు శాతం తక్కువ చూపుతుంది. కానీ మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని ఒప్పుకోదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటనే గట్టిగా చెప్పింది. మార్పిడిని రవాణా శాఖ ఒప్పుకుంటుందో లేదో అడిగి తెలుసుకున్న తర్వాతే ఆ పనికి చేయి పెడతాను.

ఖర్చు విషయానికి వస్తే కమాన్ పనికి 3,600, యు బోల్టులకు 1,120, బుష్‌లకు 1,400, షాక్‌లు నాలుగింటికి 7,600, బ్రేకు గొట్టానికి 650, మొత్తం 14,370 రూపాయలు. పనికిరాకుండా పోయిన షాకిళ్లు, తెల్ల పలక ఇందులో లేవు. తీసేసిన రెండు అదనపు పట్టీలను అమ్మలేదు, కొట్టు వెనుక సన్‌షేడు మీద పెట్టి ఉంచాను. ముందు ఎడమ వైపు చిన్న గుంతల్లో ఇంకా ఒక టక్కుమనే శబ్దం వస్తోంది. షాక్ కింది బుష్ అని నా అనుమానం, అయిదు వందల కిలోమీటర్ల బిగింపుకు విప్పినప్పుడు చూస్తాను.