గుండె లయ సమస్య ఉన్న పిల్లలకు జలుబు చేస్తే: ఇక్కడి మందులు, ఇండియా మందులు

గుండె లయ సమస్య ఉన్న పిల్లలకు కూడా మామూలు వైరల్ జ్వరం చాలామటుకు మామూలుగానే తగ్గిపోతుంది. ఎక్కువ జాగ్రత్త పడాల్సింది జలుబు తగ్గాలని మనం పోసే సిరప్‌ల దగ్గర, వాంతులూ విరేచనాలతో ఒంట్లోంచి పోయే పొటాషియం దగ్గర. గుండె లయ నిలకడగా ఉండాలంటే ఈ లవణం కావాలి. విదేశాల్లో ఉంటున్న మన ఇళ్ళలో దీనికి ఇంకో చిక్కు తోడవుతుంది. అల్మరాలో ఇక్కడి మందుల పక్కనే పోయిన సెలవుల్లో ఇండియా నుంచి తెచ్చుకున్నవీ ఉంటాయి. ఒకే మందుకు రెండు పేర్లు, రెండు బలాలు. ఫోన్లో అమ్మమ్మ ఒక పేరు చెబుతుంది, చేతిలో ఉన్న సీసా మీద ఇంకో పేరుంటుంది.

పారాసెటమాల్‌నే చూడండి. అమెరికాలో దాన్ని అసిటమినోఫెన్ అంటారు, టైలెనాల్ అదే. మన క్రోసిన్, డోలో, కాల్పాల్ కూడా అదే. పిల్లలకు ఒక డోసుకు కిలో బరువుకు 15 మి.గ్రా., రెండు డోసుల మధ్య కనీసం 4 నుంచి 6 గంటలు, రోజుకు 4 డోసులు మించకుండా. 16 కిలోల పిల్లకు ఒక డోసు 240 మి.గ్రా. అయితే అది ఎన్ని మిల్లీలీటర్లనేది సీసాను బట్టి ఉంటుంది. 5 మి.లీ.లో 120 మి.గ్రా. ఉన్న సీసాలో 10 మి.లీ., అమెరికాలో దొరికే 160 మి.గ్రా. సీసాలో 7.5 మి.లీ., 250 మి.గ్రా. సీసాలో 5 మి.లీ. కంటే కాస్త తక్కువ. '10 మి.లీ.' అని గుర్తుపెట్టుకున్నవాళ్ళు 250 సీసాలోంచి 10 మి.లీ. పోస్తే 500 మి.గ్రా. వెళ్ళినట్టు, అంటే రెట్టింపు దాటింది. ఇండియా నుంచి తెచ్చే చంటిపిల్లల చుక్కల మందు ఇంకా చిక్కగా ఉంటుంది: ఒక్క మి.లీ.లోనే 100 మి.గ్రా. అందుకే గుర్తుపెట్టుకోవాల్సింది మిల్లీగ్రాములు. కొలవాల్సింది సిరంజితో, చెంచాతో కాదు.

ఐబుప్రోఫెన్ కిలోకు 5 నుంచి 10 మి.గ్రా. ఇస్తారు, 6 నుంచి 8 గంటలకోసారి. వాంతులు, విరేచనాలు అవుతూ నీళ్ళు తగ్గిన పిల్లలకు అది వద్దు, మూత్రపిండాల మీద పడుతుంది. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకీ, గుండె బలహీనత ఉన్నవాళ్ళకీ డాక్టరు చెబితే తప్ప వద్దు. ఇండియాలో జ్వరానికి విరివిగా రాసే మెఫ్టాల్-పి కూడా ఈ జాతిదే కాబట్టి రెండూ కలపకూడదు. ఐబుజెసిక్ ప్లస్‌లో ఐబుప్రోఫెన్‌తో పాటు పారాసెటమాల్ కూడా ఉంటుంది. దాని మీద మళ్ళీ టైలెనాల్ వేస్తే అది రెండో డోసు కిందే లెక్క. ఆస్పిరిన్ సొంతంగా ఇవ్వకూడదు. వైరల్ జ్వరంలో పిల్లలకు మెదడునూ కాలేయాన్నీ దెబ్బతీసే రే సిండ్రోమ్ వచ్చే ప్రమాదం ఉంది.

మీ పిల్లల సమస్య పేరు కచ్చితంగా తెలిసి ఉండాలి. 'గుండెలో చిన్న తేడా' అంటే ఏ డాక్టరుకూ ఏమీ అర్థం కాదు. ఎస్‌వీటీ (గుండె ఉన్నట్టుండి అతివేగంగా కొట్టుకోవడం), డబ్ల్యూపీడబ్ల్యూ (గుండెలో పుట్టుకతో ఉండే అదనపు విద్యుత్ దారి) ఉన్నవాళ్ళకు జ్వరం, గుండెను పరిగెత్తించే మందులు దడను రేపవచ్చు. లాంగ్ క్యూటీ (ఒక్కో స్పందన తర్వాత గుండె విద్యుత్‌పరంగా మళ్ళీ సిద్ధమవడానికి మామూలు కంటే ఎక్కువ సమయం పట్టడం, ఈసీజీలో ఆ వ్యవధి పేరే క్యూటీ) ఉన్నవాళ్ళకు జ్వరం కంటే కొన్ని మందులూ, పొటాషియం తగ్గడమూ ప్రమాదం. బ్రుగాడా మాత్రం వేరే కథ. 1992లో బ్రుగాడా సోదరులు వర్ణించిన ఈ జబ్బులో గుండె కణాల సోడియం ద్వారాలు వేడికి ఇంకా సరిగా పనిచేయవు. ఈ జబ్బున్న పిల్లల్లో లయ ప్రమాదకరంగా తప్పడానికి జ్వరమే ముఖ్య కారణం. కాబట్టి బ్రుగాడా ఉన్న పిల్లలకు 38 డిగ్రీలు తాకగానే పారాసెటమాల్ వేయాలి, 'జ్వరం మంచిదే, దాని పని దాన్ని చేయనీ' అన్న సలహా వాళ్ళకు వర్తించదు. మందు వేసినా దిగకపోతే ఈసీజీ తీసే చోటికి వెళ్ళాలి. టీకా తర్వాత వచ్చే జ్వరానికీ ఇదే పద్ధతి. ఇండియాలో ఫారెన్‌హీట్‌లో చెబుతారు కదా, 38 అంటే 100.4, 39 అంటే 102.2. ఈ రెండు అంకెలూ థర్మామీటర్ డబ్బా మీద రాసి పెట్టండి.

జలుబు మందుల దగ్గరే అసలు తప్పులు జరుగుతాయి. ముక్కు దిబ్బడ తగ్గించే సూడోఎఫెడ్రిన్, ఫినైలెఫ్రిన్ అడ్రినలిన్ (భయపడినప్పుడు గుండెను పరిగెత్తించే హార్మోను) బాటలో పనిచేసే మందులు. సైనరెస్ట్ లాంటి సిరప్‌లలో ఫినైలెఫ్రిన్, క్లోర్‌ఫెనిరమిన్, పారాసెటమాల్ మూడూ కలిసి ఉంటాయి. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన మందును 4 ఏళ్ళ లోపు పిల్లలకు వాడవద్దని సీసాల మీద రాయాలంటూ ఇండియా ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో ఆదేశించింది. అది గుండె జబ్బు లేని పిల్లలకు కూడా. ముక్కులో వేసే ఆక్సీమెటాజోలిన్, జైలోమెటాజోలిన్ చుక్కలు కూడా అదే కోవ. వట్టి సెలైన్ చుక్కలతో సరిపెట్టుకోవచ్చు, వాటితో ఏ లయకూ ఇబ్బంది లేదు.

దగ్గు మందుల్లో ఇంకోటి దాక్కుని ఉంటుంది. ఆస్కోరిల్ ఎల్‌ఎస్‌లో ఉండేది లెవోసాల్బ్యుటమాల్, అంటే ఆస్తమా ఇన్‌హేలర్‌లో ఉండే మందుకు అన్న వరసే. అది గుండె వేగాన్ని పెంచుతుంది, రక్తంలో పొటాషియం తగ్గిస్తుంది. సీపీవీటీ (పరిగెత్తినప్పుడో ఉద్వేగంలోనో అడ్రినలిన్ పెరిగి లయ తప్పే జబ్బు), లాంగ్ క్యూటీ ఉన్నవాళ్ళకు ఈ రెండూ చెడ్డవే. నిజంగా పిల్లికూతలు వస్తూ ఊపిరి అందకపోతే మాత్రం ఇన్‌హేలర్ ఆపకూడదు, ఊపిరే ముందు. దగ్గు సిరప్‌లో ఊరికే తాగించడం వేరు. ఆయుర్వేద దగ్గు మందుల్లో అతిమధురం ఉందేమో చూడండి. ఎక్కువ రోజులు, ఎక్కువ మోతాదులో వాడితే అది కూడా పొటాషియాన్ని బయటికి పంపేస్తుంది.

ఇక పేర్ల గందరగోళానికి బెనడ్రిల్ మంచి ఉదాహరణ. అమెరికాలోనూ ఇండియాలోనూ ఆ పేరుతో వచ్చే మందుల్లో ప్రధానంగా డైఫెన్‌హైడ్రమిన్ ఉంటుంది, లాంగ్ క్యూటీకి అది పనికిరాదు. బ్రిటన్‌లో ఎలర్జీకి అమ్మే బెనడ్రిల్ మాత్రల్లో అక్రివాస్టిన్ గానీ సెటిరిజిన్ గానీ ఉంటుంది. బ్రిటన్‌లో ఉన్న పిన్ని 'మా వాడికి వేశాం, ఏం కాలేదు' అన్నదంటే ఆవిడ చెప్పింది నిజమే, మందు మాత్రం అది కాదు. దురదకు వాడే అటరాక్స్, నిద్ర పట్టించే ఫెనర్గాన్ కూడా లాంగ్ క్యూటీ పిల్లలకు దూరం పెట్టాల్సినవే.

వాంతులకు మనవాళ్ళు వెంటనే తీసేది డోమ్‌స్టాల్, లేకపోతే ఎమిసెట్. మొదటిది డోంపెరిడోన్. గుండె మీద ప్రభావం వల్ల 2014లో యూరప్ మందుల సంస్థ దాని వాడకాన్ని కుదించింది, అమెరికాలో దానికి అనుమతే లేదు. రెండోది ఆన్‌డాన్‌సెట్రాన్, ఆస్పత్రుల్లో పిల్లలకు చాలా మామూలుగా ఇస్తారు, ఇక్కడి ఎమర్జెన్సీలో కూడా. రెండూ క్యూటీని సాగదీస్తాయి. వాంతులతో అప్పటికే పొటాషియం పడిపోయిన పిల్లకు క్యూటీ పెంచే మందు వేయడమంటే ఒకే దెబ్బ రెండు వైపుల నుంచి కొట్టడం. యాంటీబయాటిక్స్‌లో అజిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్, లెవోఫ్లాక్సాసిన్ కూడా ఈ జాబితాలో ఉన్నాయి. అజిత్రోమైసిన్ గురించి అమెరికా ఎఫ్‌డీఏ 2013లోనే హెచ్చరించింది. వైరస్‌కు అవి ఎలాగూ పనిచేయవు. 'మూడు రోజుల కోర్సు వేసేయండి, తగ్గిపోతుంది' అని ఇండియా నుంచి తెచ్చిన అజిత్రాల్ స్ట్రిప్ తీయడమే అన్నిటికన్నా అనవసరమైన ప్రమాదం అని నా గట్టి అభిప్రాయం. ఏ మందైనా అనుమానం వస్తే క్రెడిబుల్‌మెడ్స్ వెబ్‌సైటులో చూడండి. పుట్టుకతో లాంగ్ క్యూటీ ఉన్నవాళ్ళు వాడకూడని మందులకు అక్కడ విడిగా జాబితా ఉంది. వెతికేటప్పుడు బ్రాండు పేరు కాకుండా సీసా వెనక చిన్న అక్షరాల్లో ఉన్న రసాయనం పేరు కొట్టాలి. ఇండియా బ్రాండ్లు అందులో దొరక్కపోవచ్చు.

నీళ్ళ సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఓఆర్‌ఎస్‌లో లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రా., ఉప్పు 2.6 గ్రా., పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రా., సోడియం సిట్రేట్ 2.9 గ్రా. ఉంటాయి. మనకు కావలసిన పొటాషియం ఆ 1.5 గ్రాముల్లో ఉంది. ఇంట్లో ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళలో అది ఉండదు, ఆటగాళ్ళ డ్రింకుల్లో సోడియం, పొటాషియం రెండూ చాలా తక్కువ, చక్కెర ఎక్కువ. ప్యాకెట్ లీటరుదా, 200 మి.లీ.దా చూసి కలపండి. పెద్ద ప్యాకెట్‌ను గ్లాసు నీళ్ళలో కలిపితే ఉప్పు ఎక్కువై ఇంకా చెరుపు. వాంతి అయ్యాక 10 నిమిషాలు ఆగి, సిరంజితో 5 మి.లీ. చొప్పున ఒకటి రెండు నిమిషాలకోసారి పట్టాలి. దాహంగా ఉందని గ్లాసెడు ఇచ్చేస్తే తిరిగి వచ్చేస్తుంది. విరేచనం అయిన ప్రతిసారీ రెండేళ్ళ లోపు పిల్లలకు 50 నుంచి 100 మి.లీ., పైవాళ్ళకు 100 నుంచి 200 మి.లీ. గుండె బలహీనత వల్ల నీళ్ళు కొలిచి ఇచ్చే పిల్లలకు ఈ లెక్కలు డాక్టరునే అడగాలి.

రోజూ వేసుకునే గుండె మందు జ్వరం వచ్చిందని మీ అంతట మీరు ఆపకూడదు. బీటా బ్లాకర్ (అడ్రినలిన్‌ను అడ్డుకుని గుండెను నెమ్మదింపజేసే మందు) హఠాత్తుగా ఆపితే దడ తిరగబెడుతుంది. కానీ ఆ కోవకే చెందిన ప్రొప్రనొలాల్ వేసుకునే చిన్నపిల్లలు ఏమీ తినకపోతే రక్తంలో చక్కెర పడిపోతుంది, గుండె వేగం పెరగదు కాబట్టి ఆ సంగతి బయటపడదు. ఒళ్ళు చెమటలు పట్టి, మబ్బుగా పడుకుంటే అనుమానించాలి. రెండు పూటలు తినలేదంటే తర్వాతి డోసు ముందు కార్డియాలజీ వాళ్ళకు ఫోన్ చేయండి. లయను కుదుర్చే ఫ్లెకైనైడ్ అనే మందు వేసుకునే చంటిపిల్లల విషయం చాలామందికి తెలియదు: పాలు ఆ మందును ఒంటికి పట్టనివ్వవు, డోసు ఆ లెక్కతోనే నిర్ణయించి ఉంటారు. విరేచనాలని పాలు ఆపేస్తే అదే డోసు ఎక్కువైపోతుంది. డిగాక్సిన్ అనే గుండె మందు వాడేవాళ్ళకు పొటాషియం తగ్గితే విషప్రభావం రావచ్చు. మందు వేసిన వెంటనే కక్కేస్తే మళ్ళీ వేయాలా వద్దా అన్నది మందును బట్టి మారుతుంది. ఈ ప్రశ్న జ్వరం లేని రోజునే అడిగి రాయించుకోండి.

నాడి చూడటం నేర్చుకోవాలి. జ్వరం లేనప్పుడు నిద్రలో ఎంత కొట్టుకుంటుందో ముందే రాసి పెట్టుకోండి. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే నాడి సుమారు 10 పెరుగుతుంది. మామూలుగా 80 ఉండే ఎనిమిదేళ్ళ పిల్లకు 39 జ్వరంలో 100, 110 ఉంటే అది జ్వరం పనే. ఏడిస్తే ఇంకా పెరుగుతుంది, జోకొడితే తగ్గుతుంది. ఎస్‌వీటీ అలా ఉండదు. స్విచ్ వేసినట్టు మొదలవుతుంది, 180 పైన, చంటిపిల్లల్లో 220 పైన ఒకే వేగంతో నిలబడుతుంది, జ్వరం దిగినా దిగదు. స్మార్ట్‌వాచ్ అంకెను నమ్ముకోకండి, యాపిల్ వాచ్ ఈసీజీ 22 ఏళ్ళు దాటినవాళ్ళ కోసం చేసింది. ఛాతీ మీద చెయ్యి పెట్టి నిమిషం పాటు లెక్కపెట్టడమే నయం.

ఎస్‌వీటీ అని ముందే తేలిన పిల్లలకు డాక్టరు నేర్పితే దడ ఆపడానికి ఇంట్లో ఒకటి చేయవచ్చు. వెనక్కి వాలి కూర్చుని 10 మి.లీ. సిరంజి మూతిలోంచి దాని పిస్టన్ కదిలేంత బలంగా 15 సెకన్లు ఊదాలి. వెంటనే వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు 45 డిగ్రీలు పైకెత్తి మరో 15 సెకన్లు పట్టుకోవాలి. కళ్ళు నొక్కడం ఎప్పుడూ చేయకూడదు. రెండు మూడు సార్లకు తగ్గకపోయినా, పిల్ల పాలిపోయినా ఆస్పత్రికే. స్పృహ తప్పితే అది జ్వరంతో వచ్చిన మూర్ఛే అనుకుని సరిపెట్టుకోవద్దు. లయ తప్పి పడిపోయినప్పుడు కూడా కాళ్ళూ చేతులూ కొట్టుకుంటాయి. ఊపిరి లేకపోతే అత్యవసర నంబరుకు చెప్పించి ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఛాతీ మందంలో మూడో వంతు లోతుకు. ఏఈడీ (గుండెకు షాక్ ఇచ్చే యంత్రం) దొరికితే వెంటనే పెట్టాలి. జ్వరానికి మించిన వేగం, ఆయాసం, ఛాతీనొప్పి, చేతులు చల్లబడటం, ఆగని కడుపునొప్పి కనిపిస్తే గుండె కండరానికి వైరస్ సోకిందేమో చూడాలి.

చిన్నపిల్లలు దడను కడుపునొప్పి అంటారు. 'ఎక్కడ? చెయ్యి పెట్టి చూపించు. ఒక్కసారిగా మొదలైందా? ఇప్పుడూ ఉందా? కళ్ళు తిరుగుతున్నాయా?' ఈ నాలుగూ ఇంట్లో తెలుగులో, బడిలో అక్కడి భాషలో చెప్పగలిగేలా అలవాటు చేయాలి. ఇంకొకటి మన ఇళ్ళకే ప్రత్యేకం. పెద్దవాళ్ళు పెట్టింది కాదనకూడదని పిల్లలకు నేర్పిస్తాం. మందు విషయంలో ఆ నియమం చెల్లదని వాళ్ళకు విడిగా చెప్పాలి. 'తాతయ్యా, నాకు లాంగ్ క్యూటీ ఉంది, అమ్మను అడిగాక వేసుకుంటాను' అనగలిగితే చాలు. టీనేజీ పిల్లలకు ఇది మరీ ముఖ్యం, వాళ్ళే వెళ్ళి జలుబు మాత్ర కొనుక్కుంటారు. దీనికి ముందు తాతయ్యకూ విషయం తెలియాలి కదా. రేపు సంబంధాలు చూసేటప్పుడు అడ్డం వస్తుందని జబ్బును దాచే ఇళ్ళలోనే ప్రేమగా డోమ్‌స్టాల్ పోసేస్తారు. పైగా లాంగ్ క్యూటీ చాలావరకు తల్లి నుంచో తండ్రి నుంచో సగానికి సగం అవకాశంతో వస్తుంది. ఇండియాలో ఉన్న అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ ఈసీజీ తీయించుకోవాలంటే వాళ్ళకూ చెప్పాల్సిందే.

ఇండియా వెళ్ళేటప్పుడు ఒక కాగితం చాలు: జబ్బు పేరు, బరువు, రోజువారీ మందుల డోసులు, మామూలప్పటి నాడి, ఇవ్వకూడని మందుల రసాయన నామాలు, వాంతి అయితే డోసు సంగతి, కార్డియాలజిస్టు నంబరు. ఒక వైపు ఇంగ్లీషు, ఇంకో వైపు తెలుగు. జ్వరం లేనప్పుడు తీసిన ఈసీజీ ఫొటో ఫోన్లో ఉంటే అక్కడి డాక్టరు పోల్చి చూసుకుంటారు. ఫ్లూ టీకా ఆరు నెలలు నిండినప్పటి నుంచి ఏటా వేయించవచ్చు. ఇండియాలో ఫ్లూ వానాకాలంలో కూడా ఎక్కువగానే ఉంటుంది కాబట్టి వేసవి సెలవుల ప్రయాణానికి ముందు డాక్టరును అడగండి.

తగ్గాక మందు లేకుండా 24 గంటలు జ్వరం రాకపోతే బడికి పంపవచ్చు. ఆటలు మాత్రం తిండీ నిద్రా మామూలయ్యాకే. ఈత మొదటి రకం లాంగ్ క్యూటీ పిల్లలకు అసలే ప్రమాదం, కార్డియాలజిస్టు సరే అన్నవాళ్ళకు కూడా విరేచనాలు తగ్గిన వారంలోనే కొలనులోకి దింపకండి.