కోరంగి మొగలో ఒక పూట

చొల్లంగి తీర్థం మర్నాడు కోరంగి వెళ్లాను. కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో బస్సు దిగి ఏటి గట్టు దాకా నడిచేసరికి పోటు ఇంకా ఎక్కుతోంది. "అమావాస్య పోటండి, పెద్దది. ఓ అరగంట ఆగామంటే కాలవల్లోకంటా వెళ్లొచ్చు" అన్నాడు సరంగు. గట్టుమీదే కూర్చున్నాను. గోదావరి పాయ తుల్యభాగ సముద్రంలో కలిసే చొల్లంగిలో ముందురోజు మునిగి, ఏడు పాయల దగ్గరా స్నానాలు చేసే సప్తసాగర యాత్ర మొదలుపెట్టిన ముసలి దంపతులు ఆత్రేయ పాయలో స్నానానికి అప్పుడే వచ్చారు. ఆవిడ చెంగు నడుముకి దోపుకుని, ఆయన చెయ్యి పట్టుకుని జాగ్రత్తగా నీళ్లలోకి దిగింది.

నేను వచ్చింది పుణ్యానికి కాదు, ఒక పేరు కోసం. మా నాయనమ్మ తండ్రి రంగం, అంటే బర్మా, వెళ్లాడు. ఆయన ఓడ ఎక్కింది కాకినాడలోనే అయినా రంగూన్ రేవులో ఆయన్ని 'కొరంగీ' అనేవారట. ఆయన్నే కాదు, అక్కడికి కూలికి వెళ్లిన తెలుగువాళ్లందరినీ అలాగే పిలిచేవారు. 1930లో రంగూన్ రేవు కూలీలమీద అల్లర్లు చెలరేగినప్పుడు ఆ మాటే చాలామందికి ప్రాణాంతకమైంది. ఒక ఊరి పేరు ఒక జాతి మొత్తానికి పేరుగా మారిందంటే ఆ ఊరు ఎంత రేవై ఉండాలి!

కానీ చూపించడానికి ఇప్పుడిక్కడ ఏమీ లేదు. ఓడలు కట్టిన చోటు, మరమ్మతుకి ఎక్కించిన చోటు ఏదని అడిగితే సరంగు చేత్తో అడవి వైపు చూపించాడు. తాళ్లరేవు వైపు ఇప్పటికీ పడవలు కడతారు. మిగిలింది ఆ పనితనమే.

1789 డిసెంబరు ఉప్పెనలో మూడు పెద్ద అలలు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఊరిని ముంచేశాయి. చనిపోయినవాళ్లు ఇరవై వేలని చెబుతారు. 'సైక్లోన్' అనే మాటను పుట్టించిన హెన్రీ పిడింగ్‌టన్ ఆ ఉప్పెన గురించి కూడా రాశాడు. కోలుకున్న రేవును 1839 నవంబరులో మరో ఉప్పెన కొట్టింది. ఆ తరవాత కోరంగి మళ్లీ అంత రేవు కాలేదు. ఉప్పెనలు రెండూ ఒక్కో రోజు పని. గోదావరి మాత్రం ఏటేటా వరదల్లో ఒండ్రు తెచ్చి, తను సముద్రంలో కలిసే మొగను పూడుస్తూనే ఉంది. ఓడలకు లోతు చాలకపోయాక వ్యాపారం కాకినాడకి పోయింది.

పడవ కాలవలోకి తిరిగింది. రెండు వైపులా మడ చెట్లు, మధ్యమధ్య ఎర్రబడ్డ ఆకులతో తిల్ల. "ఆ కొమ్మ తగలనివ్వకండి, పాలు కంట్లో పడితే చూపు పోద్ది" అన్నాడు సరంగు. ఒక మలుపులో మూడు నీటికుక్కలు తలలెత్తి మమ్మల్ని చూసి మునిగిపోయాయి. నీటిపిల్లి కనబడలేదు గానీ బురదలో దాని అడుగులున్నాయని ఆయన చూపించాడు. నేనైతే నమ్మేశాను.

1978లో దీన్ని అభయారణ్యం చేశారు, 235 చదరపు కిలోమీటర్లకు పైమాట. రేవును పూడ్చిన ఒండ్రే ఈ అడవిని మోస్తోంది. ఆ బురదలో గాలి ఆడదు. అందుకే తెల్ల మడ, నల్ల మడ వేర్లు మేకుల్లా పైకి పొడుచుకొచ్చి ఊపిరి తీసుకుంటాయి. ఆ వేర్ల సందుల్లోనే రొయ్య పిల్లలు, పీత పిల్లలు పెరిగి సముద్రంలోకి పోతాయి. అవతల హోప్ ఐలాండ్ కూడా గత రెండు వందల ఏళ్లలో ఇసుక మేటవేసి పొడుగ్గా సాగిన తిప్పే. ఈ రోజుల్లోనే సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టడానికి దాని ఒడ్డుకి వస్తాయి.

1996 నవంబరు 6 తుపాను గురించి నేను అడగలేదు, సరంగే ఎత్తాడు. భైరవపాలెం, బలుసుతిప్పల నుంచి వేటకెళ్లి తిరిగిరాని వాళ్లలో ఆయన మేనమామ ఉన్నాడు. "అడవి అడ్డం ఉన్న ఊళ్లకి కెరటం జోరు తగ్గిందండి. మడ కొట్టేసి రొయ్యల చెరువులు తవ్వినోళ్లకి ఆ సంగతి అప్పుడు తెలిసింది" అన్నాడు. కాసేపు ఇంజను శబ్దమే మిగిలింది.

నన్ను కలవరపెట్టేది ఇప్పటి సంగతి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. ఆ తరవాత ఎగువన గోదావరిమీదా ఉపనదులమీదా ఎన్నో జలాశయాలు వచ్చాయి. ఆ నీటితోనే మా తాతల పొలాలు పండాయి, దాన్ని తప్పనే నోరు నాకు లేదు. అయితే ఒండ్రు ఆ జలాశయాల అడుగున ఆగిపోతోంది. మొగకి చేరేది తగ్గుతోంది. డెల్టా అంచు చాలాచోట్ల కోతకు గురవుతోంది. మడ చెట్టుకి ఉప్పునీరు ఒక్కటే చాలదు, వరద నాటి తీపినీరూ కొత్త మన్నూ కావాలి. ఆనకట్టల లెక్కల్లో ఎకరాలు ఉంటాయి, మెగావాట్లు ఉంటాయి. మొగకి రావలసిన మన్నుకి కూడా అక్కడ ఒక వరస ఉండాలని గట్టిగా అనిపించింది.

తిరిగి వచ్చేసరికి పాటు బాగా లాగేసింది. పడవ గట్టు దాకా రాలేక ఆగింది. చెప్పులు చేత పట్టుకుని దిగితే మోకాళ్ల దాకా కూరుకుపోయాను. సరంగు ఒక చెయ్యి అందించి లాగాడు. గట్టెక్కాక బకెట్టు నీళ్లు తెచ్చి కాళ్లమీద పోశాడు. బూడిదరంగు మన్ను అలాగే ఉంది.

"ఒండ్రండి, ఒక్క బకెట్టుకి పోదు" అని ఇంకో బకెట్టుకి వెళ్లాడు.