గురువుగారు చెప్పని వరాళి

కనుమ నాడు కాకి కూడా కదలదని మా వైపు ఒక మాట ఉంది. 2025 జనవరి 15న, సరిగ్గా ఆ కనుమ నాటి రాత్రే, మేము ముగ్గురం విజయవాడ స్టేషన్లో చెన్నై రైలు కోసం నిలబడి ఉన్నాం. పండగ రద్దీలో దొరికిన టికెట్లు ఆ ఒక్క రాత్రికే. ‘కనుమ నాడు ప్రయాణమేమిట్రా’ అని అమ్మ గట్టిగానే కోప్పడింది గాని, తిరువయ్యారు పేరు చెప్పగానే మెత్తబడి, అరిసెలు ఒక డబ్బా నిండా పెట్టి ఇచ్చింది. తమిళనాడులోని ఆ ఊళ్లోనే త్యాగరాజస్వామి 1847లో పుష్య బహుళ పంచమి నాడు సిద్ధిపొందారు. ఆ తిథి నాడే ఏటా అక్కడ ఆరాధన జరుగుతుంది. ఆ సంవత్సరం పంచమి జనవరి 18న, శనివారం వచ్చింది.

మేము ముగ్గురం ఇరవై ఏళ్ల వయసులో ఒకే గురువుగారి దగ్గర చేరినవాళ్లం. నేను గాత్రం, ఒకడు వయొలిన్, ఇంకొకడు మృదంగం. నాటి నుంచి మాకు కచేరీ అంటే ముగ్గురం కలిసి వెళ్లేదే. తుమ్మలపల్లి కళాక్షేత్రంలో చివరి వరుసలో కూర్చుని, బయటికి వచ్చాక కాలవ గట్టున నిలబడి, విన్న రాగాన్ని అర్ధరాత్రి దాకా తర్కించుకున్న సందర్భాలు లెక్కలేనన్ని. తరువాత ఉద్యోగాలు మమ్మల్ని తలో దిక్కుకు పంపాయి. మృదంగం మిత్రుడు హైదరాబాదులో స్థిరపడి, వాద్యాన్ని పదకొండేళ్లుగా సంచిలోంచి తీయనేలేదు. పండగలకు ఫోన్లో శుభాకాంక్షలు చెప్పుకోవడం దాకా మా స్నేహం సన్నబడింది. కిందటి కార్తికంలో గురువుగారు పోయారు. పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక ముగ్గురం ఆయన ఇంటి వసారాలో కూర్చున్నప్పుడు, ఎవరు ముందు అన్నారో గుర్తు లేదు గాని, ఈసారి తిరువయ్యారు వెళ్లి తీరాలని నిశ్చయించుకున్నాం.

ఆరాధన నాడు అందరూ కలిసి పాడే త్యాగరాజస్వామి పంచరత్న కీర్తనలు అయిదింటిలో నాలుగింటిని గురువుగారే మాకు చెప్పారు. నాట, గౌళ, ఆరభి, శ్రీ రాగాల కీర్తనలను పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కొక్క చరణానికి స్వరం, సాహిత్యం వేరువేరుగా పాడించి నేర్పారు. వరాళి రాగంలోని ‘కనకన రుచిరా’ మాత్రం చెప్పలేదు. వరాళిని గురువు శిష్యుడికి ఎదురుగా కూర్చుని చెబితే ఇద్దరికీ చెడుతుందని సంగీత లోకంలో తరతరాల నమ్మకం. ఆయన ఆ నమ్మకాన్ని మీరలేదు. అందుచేత మమ్మల్ని వెనక గదిలోకి పంపి, టేపు రికార్డరు ముందు పెట్టి, తలుపు దగ్గరగా వేసి, తాను వసారాలో పడక కుర్చీలో కూర్చునేవారు. ఒక సంగతి, అంటే పాటలో ఒక పంక్తిని మార్చి పాడే తీరు, వయొలిన్ మిత్రుడు ముందు పట్టుకుంటే నాకు వినిపించేవాడు, నేను పాడి మృదంగం మిత్రుడికి చెప్పేవాణ్ణి, వాడు తాళం సరిచూసి మా ఇద్దరినీ దిద్దేవాడు. తప్పు పోయినప్పుడల్లా వసారాలోంచి ఒక దగ్గు వినిపించేది. దగ్గు వినపడితే ఆగి, టేపు వెనక్కి తిప్పి, మళ్లీ మొదలుపెట్టేవాళ్లం. ఆ ఒక్క కీర్తనకు మాకు నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల్లో మేము ఒకరికొకరం గురువులమయ్యాం. మా స్నేహం గట్టిపడింది అక్కడేనని నేను నమ్ముతాను.

చెన్నైలో 16వ తేదీ పగలంతా గడిపి, రాత్రి ఎగ్మోరులో రైలెక్కి, 17 తెల్లవారేసరికి తంజావూరులో దిగాం. ముందుగా మాట్లాడుకున్న గది వేరొకరికి ఇచ్చేశారు. బతిమాలగా ఒక మంచం మాత్రమే ఉన్న చిన్న గది దొరికింది. అది పెద్ద కష్టమని మాకు అనిపించలేదు. తంజావూరు నుంచి తిరువయ్యారు పదమూడు కిలోమీటర్లు. ఆ కాస్త దూరంలోనే బస్సు వడవారు, వెణ్ణారు, వెట్టారు, కుడమురుట్టి దాటి చివరికి కావేరి మీదికి వస్తుంది. ఊరి పేరులోని అయ్యారు అంటే అయిదు నదులని, ఒక్కొక్క వంతెన దాటుతూ లెక్కపెట్టుకుంటే గాని ఆ పేరు మనసుకు ఎక్కదు. దారికి రెండు పక్కలా వరి పండి వంగి ఉంది. కృష్ణా డెల్టాలో పెరిగిన మాకు ఆ చేల వాసన కొత్త కాదు. తమిళుల కనుమ అయిన మాట్టు పొంగలుకు వేసిన ఎరుపు, నీలం రంగులు ఇంకా ఆవుల కొమ్ముల మీద చెదరకుండా ఉన్నాయి.

ఆ సాయంత్రం సమాధి ఆవరణలోని పందిట్లో కచేరీలు విన్నాం. రెండు వేదికలు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాని మీద పాడుతుండగా రెండోదాని మీద తరువాతివారు శ్రుతి సరిచూసుకుంటారు. ఒక్కొక్కరికి పావుగంటో ఇరవై నిమిషాలో దక్కుతుంది. దేశమంతా ఎరిగిన విద్వాంసుడైనా, నిన్నగాక మొన్న అరంగేట్రం చేసిన పిల్లయినా పాడి, స్వామికి దండం పెట్టి దిగిపోవలసిందే. పెద్ద సభల్లో మూడు గంటల కచేరీలో దొరికే రాగ విస్తారం ఇక్కడ దొరకదన్నది నిజమే. ఇక్కడికి వచ్చేది అందుకు కాదు.

సమాధికి ఎదురుగా గాయని బెంగళూరు నాగరత్నమ్మగారి విగ్రహం ఉంది. శిథిలమైపోతున్న ఈ చోటును వెదికి పట్టుకుని, తన సంపాదన ధారపోసి, 1921లో పునాది వేయించి 1925 నాటికి గుడి నిలబెట్టిన మహానుభావురాలు ఆమె. ఆడవాళ్లకు ఇక్కడ పాడే హక్కు లేని రోజుల్లో, ఆమె వారిని కూడగట్టి వేరుగా పాడించింది. విడివిడిగా ఆరాధన చేస్తున్న వర్గాలన్నీ ఒక్కటయ్యింది 1940 ప్రాంతంలో. ఇవాళ పంచరత్న గోష్ఠిలో ఒక వైపు అంతా స్త్రీలే కూర్చుంటారు. 1952లో పోయిన ఆమె సమాధి కూడా ఇక్కడే ఉంది. ఆ విగ్రహం ముందు మేము చాలాసేపు నిలబడ్డాం. తెలుగువాళ్లు ఆరాధనకు వచ్చి ఆమెకు నమస్కరించకుండా వెళ్లకూడదని నా మనవి.

ఆ రాత్రి గదిలో, పక్కవాళ్లకు నిద్రాభంగం కాకుండా గొంతు తగ్గించి, ముగ్గురం వరాళిని రెండుసార్లు పాడుకున్నాం. మధ్యలో రెండు చోట్ల నాకు సాహిత్యం అందలేదు. వయొలిన్ మిత్రుడు వెంట తెచ్చిన గురువుగారి నోటు పుస్తకం తెరిచి చూశాం. అందులో నాలుగు కీర్తనలకు స్వరం రాసి ఉంది. వరాళి ఉండవలసిన చోట రెండు ఖాళీ పేజీలు ఉన్నాయి.

పంచమి నాడు చీకటితోనే లేచి, కావేరిలో స్నానం చేసి, ఆరు గంటలకల్లా పందిట్లో చేరాం. నీళ్లు చల్లగా, మోకాలి పైదాకా పారుతున్నాయి. తిరుమంజన వీధిలోని త్యాగయ్యగారి ఇంటి నుంచి ఇంటింటా బియ్యం యాచిస్తూ పాడే ఉంఛవృత్తి భజనతో ఊరేగింపు సమాధికి వచ్చింది. ఆ తరువాత వేణువులన్నీ కలిసి భైరవిలో ‘చేతులార’ ఎత్తుకున్నాయి. అన్ని వేణువులు ఒక్కసారి పలికినప్పుడు అది ఊదినట్టు ఉండదు, పందిరి మొత్తం ఊపిరి పీల్చినట్టు ఉంటుంది. అప్పటిదాకా గొడుగులు, సంచులు సర్దుకుంటున్న జనం అలాగే ఆగిపోయారు.

నాట మొదలయ్యాక ఎవరి గొంతు వారికి వినపడలేదు. వందల గొంతులు, వయొలిన్లు, మృదంగాలు కలిసిన ఆ హోరులో, లోపల స్వామికి అభిషేకం జరుగుతుండగా, మనం పాడుతున్నామా లేక మన చేత పాడిస్తున్నారా అన్నది తెలియదు. నా ఎడమ పక్కన అరవై దాటిన తంజావూరు పెద్దమనిషి ఒకాయన కూర్చున్నారు. ఆయన ఒళ్లో ఉన్న పుస్తకంలో తెలుగు సాహిత్యమంతా తమిళ లిపిలో అచ్చయి ఉంది. క, ఖ, గ, ఘ అన్నిటికీ తమిళంలో ఒకటే అక్షరం కనుక, ఏది ఎలా పలకాలో తెలియడానికి అక్షరాల నెత్తిన 2, 3, 4 అని చిన్న అంకెలు వేసి ఉన్నాయి. ఆ అంకెలను వేలితో తడుముతూ ఆయన ఒక్క ఒత్తు కూడా పొల్లు పోనివ్వకుండా పాడారు. గౌళ కీర్తన ముగిసిన కాస్త వ్యవధిలో, నేను తెలుగువాణ్ణని తెలుసుకుని, ‘దొర కొడుకు’ అంటే ఏమిటని అడిగారు. ఇంత దుడుకుతనం ఉన్న నన్ను ఏ దొర కొడుకు కాపాడతాడు అని స్వామి అడుగుతున్నారని నాకు వచ్చిన కొద్దిపాటి తమిళంలో చెప్పాను. ఆయన పుస్తకం మూసి, కళ్లు తుడుచుకున్నారు. నలభై ఏళ్లుగా పాడుతున్నారట. పుట్టుకతో ఆ మాట తెలిసిన నేను, అది నన్ను గురించిన మాటని ఏనాడూ అనుకోకుండానే పాడుతూ వచ్చాను.

ఆరభి అయింది. వరాళి ఎత్తుకున్నారు. వయొలిన్ మిత్రుడు మాకు రెండు వరుసల ముందు, వాద్యం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అతని వీపు మాత్రమే నాకు కనిపిస్తోంది. మృదంగం మిత్రుడు నా కుడి పక్కన ఉన్నాడు. వాద్యం తీసుకురమ్మని ఎంత చెప్పినా తేలేదు. పల్లవి దాటి మూడు చరణాలు బాగానే నడిచాయి. ఆ తరువాత, రాత్రి తడబడిన చోటే, స్వరం ముగిసి సాహిత్యానికి రావలసిన వేళ నాకు మాట అందలేదు. నోరు తెరిచి ఉంది గాని గొంతులో ఏమీ లేదు. అప్పుడు నా మోకాలి మీద ఒక అరచెయ్యి పడింది. ఆదితాళం. ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు, దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. పదకొండేళ్లు వాద్యం ముట్టని ఆ చేతిలో లయ ఈషణ్మాత్రం కూడా చెదరలేదు. దానితోపాటు, అచ్చం గురువుగారిలాగా, వాడు చిన్నగా దగ్గాడు. వెంటనే సాహిత్యం నోటికి వచ్చేసింది. కీర్తన పూర్తయ్యేదాకా వాడు నా మోకాలి మీది చెయ్యి తీయలేదు, నేను వాడి వైపు చూడలేదు. చూసి ఉంటే ఇద్దరం పాడగలిగేవాళ్లం కాము.

శ్రీరాగం ‘ఎందరో మహానుభావులు’ అయ్యాక, హారతి అందుకుని, కొబ్బరి చిప్పలు, విభూతి మూట కట్టుకుని బయటికి వచ్చాం. టీ బడ్డీ దగ్గర మృదంగం మిత్రుడు ‘ఒరేయ్, ఇంటికెళ్లగానే మూతలు కట్టించాలిరా, తోలు ఎండిపోయి ఉంటుంది’ అన్నాడు. వయొలిన్ మిత్రుడు ఏమీ అనకుండా తన గ్లాసులోని కాఫీ సగం వాడి గ్లాసులో పోశాడు.

హైదరాబాదు వెళ్లవలసినవాడు కూడా మాతోపాటు విజయవాడలో దిగాడు. ముగ్గురం నేరుగా గురువుగారి ఇంటికి వెళ్లి, అమ్మగారి చేతిలో ప్రసాదం పెట్టాం. ఆవిడ విభూతి కళ్లకద్దుకుని, ‘వరాళి పాడారా?’ అని అడిగింది. పాడామన్నాం. నాలుగు నెలలు గోడ అవతలి నుంచి తానూ విన్నానని, ఒకసారి పాడి వినిపించమని అన్నది. మేము అలవాటుగా వెనక గదిలోకి వెళ్లి, పాత చాప పరుచుకుని కూర్చున్నాం. ఆవిడ వసారాలో పడక కుర్చీ పక్కన పీట వేసుకుని కూర్చుంది. లేచి తలుపు దగ్గరగా వేయబోతుంటే, ఇవాళ్టికి తెరిచే ఉంచమన్నది.