వెనక టో సరిచేయించుకున్న వైనం: నా అనుభవం

నిన్ననే పనైంది. ఒళ్లు మండుతుండగానే రాసేస్తున్నా.

వెనక మల్టీలింక్ (ఒక్కో చక్రాన్నీ విడిగా కొన్ని కడ్డీలతో పట్టే సస్పెన్షన్) ఉన్న సెడాన్. తిన్నగా పోవాలంటే స్టీరింగ్ కాస్త కుడికి పట్టుకోవాలి. విశాఖ యారాడ కొండ దారిలో కుడి మలుపుల్లో బుద్ధిగా ఉంటుంది, ఎడమ మలుపు రాగానే తోక జారుతుంది. టైర్ల గాలి, షాక్ అబ్జార్బర్లు, బుష్‌ల (కీళ్లలోని రబ్బరు తొడుగుల) ప్లే అన్నీ బాగున్నాయి. మిగిలింది వెనక టో, అంటే పైనుంచి చూస్తే వెనక చక్రాలు తిన్నగా కాక లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం.

అలైన్‌మెంట్ షాపులో (పేరు వద్దులెండి) కుర్రాడు ప్రింటు చేతిలో పెట్టి, "వెనక టోటల్ +0°10′, గ్రీన్‌లోనే ఉంది సార్. స్టీరింగ్ వీల్ పీకి తిన్నగా బిగించేస్తా" అన్నాడు. అలైన్‌మెంట్ అంటే అదా? విడివిడిగా చూపించమంటే ముఖం చిట్లించాడు. ఎడమ +0°20′, కుడి −0°10′. కూడితే పదే, కాదనను. కానీ ఎడమ చక్రం లోపలికి, అంటే కుడివైపుకి చూస్తోంది. కుడిది బయటికి, అదీ కుడికే. రెండింటి తేడాలో సగం థ్రస్ట్ యాంగిల్ (వెనక చక్రాలు కలిసి బండిని పక్కకి నెట్టే కోణం): 15 నిమిషాలు, పావు డిగ్రీ. తోక కుడికి పోతుంటే ముక్కు ఎడమకి తిరుగుతుంది. దాన్ని ఆపాలంటే ముందు చక్రాలూ అంతే కుడికి తిరగాలి. స్టీరింగ్ రేషియో 16:1 అయితే చేతిలో నాలుగు డిగ్రీలు. ఇక ఎడమ మలుపులో బరువు పడేది కుడి వెనక చక్రం మీద, టో-అవుట్‌లో (బయటికి చూస్తూ) ఉన్నదేమో అదే. జారక ఏం చేస్తుంది! టైరు తడిమినా తెలుస్తుంది: అరచెయ్యి ఒకవైపు నున్నగా జారుతుంది, ఎదురు నిమిరితే గీరుకుంటుంది. లక్షలు పోసి యంత్రం కొంటారు, అది చూపించేది చదివే ఓపిక మాత్రం ఉండదు.

తీరా మొదలుపెడితే కుడివైపు క్యామ్ బోల్టు (టో మార్చడానికి తిప్పేది) ససేమిరా అంది. మన సముద్రపు గాలికి అది బుష్ లోపలి ఇనుప గొట్టానికి తుప్పుతో అతుక్కుపోతుంది. పొడవాటి రాడ్డేసి తిప్పితే స్క్రీన్‌లో అంకె మారుతుంది, వదిలితే మళ్లీ మొదటికే. తిరిగేది బోల్టు కాదు, రబ్బరు మెలిపడుతోంది. అలాగే నట్టు బిగించేయబోతుంటే ఆపించి, ఆటోనగర్ తీసుకెళ్లా.

అతుక్కున్న బోల్టుని బ్రాకెట్‌కీ బుష్‌కీ మధ్య సందులో రెండు పక్కలా రంపంతో కోయించాలి. గ్యాస్ కట్టర్ పెట్టనివ్వకండి, పక్క బుష్‌ల రబ్బరు మాడిపోతుంది. కొత్త ఆర్మ్ (ఆ బుష్ ఉండే సస్పెన్షన్ కడ్డీ), బోల్టు, క్యామ్ వాషర్లు ముందే తెచ్చుకోండి. మరలు వదిలేసి బోల్టు మిగతా పొడవంతా యాంటీ-సీజ్ (అతుక్కుపోకుండా రాసే పేస్టు) పూయాలి. మరలకి పూస్తే టార్క్ లెక్క తప్పుతుంది.

ఆర్మ్ నట్లు చక్రం వేలాడుతుండగా బిగించకూడదు. జాకీ ఎత్తకముందే హబ్ మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా కొలిచి పెట్టుకుని, హబ్ కింద జాకీతో అదే కొలతకి లేపి అప్పుడు బిగించాలి. లేదంటే బుష్ ఎప్పుడూ మెలిపడే ఉండి తొందరగా చిరుగుతుంది.

తర్వాత అలైన్‌మెంట్ వేరే షాపులో. మొదట వెనక చక్రాలు రెండూ +0°05′, ఆ తర్వాతే స్టీరింగ్ తిన్నగా లాక్ చేసి ముందు చక్రాల టో. టోటల్ మళ్లీ అదే +0°10′, థ్రస్ట్ మాత్రం సున్నా. (వెనక చక్రాలు రెండూ ఒకే దూలానికి ఉండే ట్విస్ట్ బీమ్ కార్లకి సాధారణంగా ఈ బోల్టే ఉండదు. హబ్ వెనక షిమ్ములు (పల్చటి రేకులు) పెట్టడమో, వంగిన బీమ్ మార్చడమో.)

ఎడమ బోల్టు ఇంకా తిరుగుతోందని వదిలెయ్యలేదు. అలైన్‌మెంట్‌కి ముందే దాన్నీ లాగించి యాంటీ-సీజ్ పూయించా. మేస్త్రీ దానికి విడిగా అడిగాడు, ఇచ్చేశా.