టాక్స్ కట్టేది మనమేనా?

మా పనక్క ఫోన్‌లో 299 రీచార్జ్ చేసిపెట్టా మొన్న, అందులో 18 శాతం జీఎస్టీ అంటే 45 రూపాయలు పైనే ప్రభుత్వానికి పోయినట్టు. అదే ప్లాన్ కోటీశ్వరుడు వేయించుకున్నా అంతే. ఆ సాయంత్రమే మా అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో ఒక అంకుల్ "మనం టాక్స్ కడితే వీళ్ళు ఫ్రీ బస్సుల్లో తిరుగుతున్నారు" అని మొదలెట్టారు, అందరూ తలలూపారు. మా పనక్క ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్ వేయదు కాబట్టి టాక్స్ కట్టనట్టే లెక్క మనోళ్ళకి!

జీతగాళ్ళ మంట నాకూ తెలుసండీ, చేతికి రాకముందే టీడీఎస్ కోసేస్తారు, పై స్లాబ్ 30 శాతం. కానీ ఆ కోపం ఎప్పుడూ కిందకే ఎందుకు పోతుందో. స్టాక్ మార్కెట్‌లో లిస్టయిన షేర్లు ఏడాది దాటాక అమ్మితే లాభం మీద 12.5 శాతమే, అదీ లక్షా పాతికవేలు దాటాకే. తండ్రి ఆస్తి కొడుక్కొస్తే పడే ఎస్టేట్ డ్యూటీ 1985లో తీసేశారు, పెద్ద ఆస్తుల మీద పడే వెల్త్ టాక్స్ 2015లో పోయింది, 2019లో మినహాయింపులు వదులుకునే కంపెనీలకి టాక్స్ బేస్ రేటు 30 నుంచి 22 శాతానికి దించారు. అప్పుడెవరూ మా టాక్స్ డబ్బులు అని గింజుకోలేదు. అంకుల్‌తో ఇదంటే "అదంతా డెవలప్‌మెంట్ కోసం బాబూ" అన్నారు, ఆయన మూడు ఫ్లాట్లూ వాళ్ళ నాన్నగారిచ్చినవేలెండి.

ఇక ఫామ్‌హౌస్‌లో నాలుగు మామిడి చెట్లు నాటి టాక్స్ పడని వ్యవసాయ ఆదాయం అని చూపించుకునే బ్యాచ్ గురించి మొదలెడితే తెల్లారిపోద్ది, అది ఇంకో పోస్ట్‌లో.